అమ్మ దిగిన జీపు

గుంతలో పడ్డప్పుడు కాదు, లేచాక కొడుతుంది, అదే కదా నువ్వు చెప్పింది, అన్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపి, గుంతలో పడ్డప్పుడు కాదే రబియా, పైకి లేచాక కొడతంది, వెనకెవరో కూచోని అరచేత్తో రేకు మీద తట్టినట్టు, టక్కున ఒక్కటే దెబ్బ, అన్నావు, దయ్యాల్లేవని ఊరూరా అరుచుకుంటా తిరిగేదాని మొగుడివి, నీకు దయ్యం పట్టిందా ఏందయ్యా అని నేను నవ్వాను, నువ్వూ నవ్వావు, ముద్ద తిన్నావు, ఇప్పుడు ఆ వెనక నేను కూచున్నాను, నీ జీపులోనే, అంకమ్మ విగ్రహం కింద పరిచిన వరిగడ్డి మీద, వీపు ఇనుప రేకుకి ఆనించి, కాళ్లు బారజాపి, రేకుకి అవతల స్టీరింగు ముందు నీ తమ్ముడు సమీర్, పోయిన ఎండాకాలం నిన్ను వాగులో పడేసిన స్టీరింగే అది, రంగు వేశారు, అద్దం మార్చారు, వంగిన రేకులు కొట్టి సాపు చేశారు, నిన్ను తప్ప అన్నీ బాగుచేశారు, నేను వినడానికి వచ్చాను జానూ, అంతే, ఆ దెబ్బ వినడానికి, అది నువ్వేనా కాదా తేల్చుకోడానికి, నువ్వే అయితే ఏం చెయ్యాలో ఇంకా అనుకోలేదు.

ఇంకా కొట్టలేదు, మాచవరం దాటాక రోడ్డు కొత్తగా వేశారు, నల్లగా నున్నగా ఉంది, జీపు దాని మీద తేలిపోతోంది, నాకు విసుగ్గా ఉంది, మంచి రోడ్డు మీద విసుగుపడే మనిషిని ఎప్పుడైనా చూశావా, ఈ రోడ్డు కోసం మండలాఫీసు ముందు మైకు లేకుండా అరిచినదాన్ని నేనే, ఇప్పుడు గుంతలు రావాలని కోరుకుంటున్నదాన్నీ నేనే, ఇందాక ఆ పల్లెలో అమ్మవారిని దించుతుంటే కూడా నా కళ్లు ఆమె మీద లేవు, ఆమె లేచాక మిగిలిన చోటు మీద ఉన్నాయి, గుడి ముందు మట్టి గట్టు నిటారుగా ఉంటే సమీర్ చిన్న గేరు లాగి నాలుగు చక్రాలూ తిప్పాడు, లారీ ఎక్కలేని చోటికి జీపు పళ్లు కొరుకుతూ ఎక్కింది, డప్పులు మోగాయి, పసుపు నీళ్లు చల్లారు, కళ్లకి గుడ్డ కట్టిన రాతి తల్లిని మోకులేసి దుంగల మీద దొర్లించారు, దించిన మనుషులు చేతులు దులుపుకుని బస్సు కోసం నడిచి వెళ్లిపోయారు, ఎప్పుడూ అంతే, అమ్మ దిగిన బండిలో మనిషి ఎక్కకూడదు, దుర్గిలో శిల్పాల షెడ్డుకి చేరి పసుపు నీళ్లతో కడిగేదాకా ఆ గడ్డి తీయకూడదు, ఆ గడ్డి మీద ఎవరూ కూచోకూడదు, డ్రైవరు ఒక్కడే ముందు, వెనకంతా ఖాళీ, అది కట్టుబాటు, నేను కాలు పైకెత్తి ఎక్కేసరికి గుడి పెద్ద పరిగెత్తుకొచ్చాడు, ఏందమ్మా నువ్వు, అమ్మ కూచున్న చోటది, దిగు దిగు, అన్నాడు, అమ్మ మీ గుళ్లోకి పోయిందిగా పెద్దాయనా, మళ్లీ వచ్చి కూచుంటదేమోనని మీకే నమ్మకం లేదా, నాకు మోకాళ్ల నొప్పులు, జరగండి, అన్నాను, నవ్వారు కొందరు, ఒకామె చెంపలేసుకుంది, సమీర్ మాత్రం దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, భాభీ, ముందు సీటుంది, ముందుకు రా, వెనక అన్న ఉంటాడు, అన్నాడు, అన్న పక్కనే కూచుంటాలేరా, అన్నాను, వాడి మొహం వెలిగింది, ఆ వెలుగుకే నాకు భయం.

భయం పుట్టింది వాడు మొదటిసారి విగ్రహం దించి వచ్చిన సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా, భాభీ, అన్న ఉన్నాడు, అన్నాడు, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు, ఒట్టు భాభీ, వెనక కొడతన్నాడు, నీకు చెప్పినట్టే, గుంత దాటి లేచాక టక్కుమని, జాగర్త రా అని చెప్పినట్టు, మెల్లగా పోతే మాట్లాడడు, స్పీడు పెంచితే మాట్లాడతాడు, ఇంకా పెంచితే ఇంకా మాట్లాడతాడు, వాగు చప్టా దగ్గర ఎట్టా కొట్టాడనుకున్నా, రెండు చేతులతో కొట్టినట్టు, వాగు చప్టా, నువ్వు పోయిన చోటు, అక్కడ వాడు అన్న మాట్లాడతాడని యాక్సిలేటరు తొక్కుతున్నాడు, నేను వాడి చెంప పగలగొట్టి ఉండాల్సింది, ఒరేయ్ దయ్యాలూ లేవు గియ్యాలూ లేవు అని అరిచి ఉండాల్సింది, ఎంతమంది మీద అరిచాను, పాము కరిచిన మనిషిని మంత్రగాడి దగ్గరికి మోసుకుపోతుంటే అడ్డంపడి ఆస్పత్రికి తోలించినదాన్ని, ఏమన్నాడు, ఇంకేమన్నాడు, ఎట్టా కొట్టాడు, అని అడిగాను జానూ, ఇంకోసారి చెప్పు అని అడిగాను, చిన్నపిల్లలు కథ అడిగినట్టు, అప్పుడు తెలిసింది నాక్కూడా నువ్వు కావాలని, దయ్యమైనా సరే, రేకు మీద దెబ్బగానైనా సరే.

టక్.

అదిగో, దాచేపల్లి దగ్గర సున్నపురాయి లారీలు రోడ్డుని చీల్చిన చోట, వచ్చావు, నా వీపు వెనక కాదు, నా తుంటి కిందనుంచి, ఎడమ పక్కనుంచి, వచ్చావు, దుమ్ము తెల్లగా లేస్తోంది, ఎదురుగా సిమెంటు ఫ్యాక్టరీ గొట్టం, లారీవాడు హారను కొడుతున్నాడు, నాకు ఏమీ వినపడ్డం లేదు, ఎడమ పక్క రేకు మీద చెయ్యి పెట్టాను, చల్లగా లేదు, ఎండకి కాలుతోంది, నీ వీపు ఇట్టాగే కాలేది ఎండాకాలం మధ్యాహ్నం ఇంటికొస్తే, ఇంకోసారి కొట్టు, టక్, ఇంకోసారి, గుంత, నడుము గాల్లోకి లేచింది, గడ్డి లేచింది, నేను లేచాను, టక్, అప్పుడు కింద పడ్డాను, నువ్వు చెప్పింది నిజమే, పడ్డప్పుడు కాదు, లేచినప్పుడు, లేచి ఇంక లేవలేని చోట, ఎవరో పట్టుకుని లాగినట్టు, నేను నిన్ను చూసి నవ్వానే, ఏం కొట్టిందో ఎక్కి చూద్దాం పద అని ఒక్కసారి నేను వెనక ఎక్కానా, ఎవరైనా ఎక్కారా, ఎక్కకూడదుగా, అమ్మ చోటుగా, నువ్వు ఒక్కడివీ ముందు కూచుని వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వచ్చేవాడివి, చెమటలు పట్టి వచ్చేవాడివి, బండి చూపించవయ్యా అని మాత్రం అన్నాను, అది గుర్తుంది, నువ్వు చూపించావు, అదీ గుర్తుంది.

చూపించావు, ఒకటి కాదు, రెండు కొట్లలో చూపించావు, అసలు బండి బరువు మోసే కమాన్లు మార్చిన దగ్గరే మొదలైందంతా, షెడ్డు యజమాని త్రికోటేశ్వరరావు మిలిటరీ వేలంలో కొన్న పాత ఫోర్ వీల్ జీపు ఇది, వెనక కోయించి తొట్టి చేయించాడు, చిన్న చిన్న నాగమ్మలు, హనుమంతులు, గుట్టల మీదికీ పొలాల గట్ల మీదికీ ఎక్కించేవాడివి, తర్వాత ఊళ్లకి డబ్బొచ్చింది, దేవతలు పెద్దవాళ్లయ్యారు, మనిషి కంటే ఎత్తు అంకమ్మ కావాలి, పోలేరమ్మ కావాలి, ఆ బరువుకి పాత కమాను పట్టీలు చదునై వెనక్కి వంగిపోయాయి, అప్పుడు నరసరావుపేట తీసుకెళ్లి కమాన్లు కొట్టే గులాం మొహిద్దీన్ దగ్గర పల్చటి పట్టీల కట్టలు తీసేసి లావు పట్టీలవి కట్టించారు, జీపు బెత్తెడు ఎత్తు లేచి నిలబడింది, త్రికోటేశ్వరరావు చుట్టూ తిరిగి చూసి తొడ కొట్టాడు, నిలబడ్డదిరా జాన్ సాయిబూ, పందేలకి పోయే ఎడ్ల లెక్కన నిలబడ్డది, అన్నాడు, నువ్వు వచ్చి నాకు చెప్పావు, నడుము మీద చేతులు పెట్టుకుని ఆయన నడిచినట్టు నడిచి చూపించావు, రాళ్లు వేసి చూశారు, మోయగలిగినన్ని రాళ్లు, తిప్పి తిప్పి చూశారు, కదల్లేదు మెదల్లేదు, పరుపు మీద పోయినట్టు పోయింది, ఇంకేం కావాలి, ఖాళీగా తోలి చూసినవాడు లేడు, ఖాళీ బండికి ఏమవుతుంది, ఖాళీ బండిని పరీక్ష చేసేవాణ్ని ఈ పల్నాడులో పిచ్చోడంటారు, ఆ తర్వాత ఈ దెబ్బ మొదలైంది, నువ్వు మొహిద్దీన్ దగ్గరికి పోయావు, ఆయన వంగి చూసి, నా కమాన్లకి నీ మనవలు పుట్టేదాకా ఢోకా లేదు పో, అన్నాడు, నిజమే, షాకప్పులేమోనని ఎదురు కొట్టుకి పోయావు, షాక్ అబ్జార్బర్లు బిగించే అమర్నాథ్ కొట్టు, ఆయన ఊడదీసి చేత్తో లాగి నొక్కి చూశాడు, కంపెనీ సైజు, కొత్తవాటి లెక్కన ఉన్నాయి, చుక్క ఆయిలు కారట్లేదు, మంచివి పారేస్తానంటావేంది సాయిబూ అన్నాడు, అదీ నిజమే, ఇద్దరూ నిజమే చెప్పారు, మధ్యలో రోడ్డు ఉంది, ఆ రోడ్డు దాటి ఒకడి దగ్గరికొకడు రాలేదు, కమాన్లు బాగున్నాయి, షాకప్పులు బాగున్నాయి, బండి బాగుంది, మరి కొట్టేదెవరు, ఇంక మిగిలింది ఎవరు, అమ్మే మిగిలింది.

అమ్మే, అందరూ ప్రేమగానే అన్నారు, అదే నా కడుపు మంట, తిట్టి ఉంటే వాళ్ల ఇళ్ల ముందు కూచునేదాన్ని, నీ సాయిబు చేతుల మీద ఎక్కింది కదే, దిగబుద్ధి కాలా తల్లికి, కూడా వస్తంది, అని మన వీధి పిచ్చమ్మత్త మురిసిపోతూ చెప్పింది, త్రికోటేశ్వరరావు పెళ్లాం ధనలక్ష్మి స్టీరింగుకి ఎర్రదారం కట్టి నిమ్మకాయలు గుచ్చింది, మీ అమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి నీ జబ్బకి కట్టింది, నువ్వు ఎవరినీ కాదనలేదు, చెప్పులు విప్పి తోలేవాడివి, విగ్రహం ఎక్కే ముందు రోజునుంచీ నీసు ముట్టేవాడివి కాదు, అయినా చచ్చిపోయాక ఒక నోరు అననే అంది, నీసు తిని ఎక్కించుకున్నాడేమోలే, అందుకే తోసింది, అని, వాన లేదు, ఎదురు బండి లేదు, పట్టపగలు, తిన్నటి చప్టా, వెనక బరువు కూడా లేదు, ఖాళీ బండి, ఖాళీ బండి ఎట్టా బోర్లా పడుద్దమ్మా, నువ్వే చెప్పు, అని స్టేషన్లో జవాను నన్నే అడిగాడు, నా దగ్గర జవాబు లేదు, ఎవరి దగ్గరా లేదు, జవాబు లేని చోట అమ్మని కూచోబెట్టారు, ఆమె పాపం నోరులేనిది, కళ్లకి గుడ్డ కూడా కట్టారు, అప్పటినుంచీ నేను ఏ ఊళ్లో నిలబడి మాట్లాడినా వెనకనుంచి ఎవరో ఒకరు మెల్లగా అంటారు, ఈమె మొగుణ్నే అమ్మవారు వాగులోకి తోసింది, అని, నా గొంతు ఆగదు, కానీ లోపల ఎక్కడో ఆగుతుంది.

గురజాల దాటాం, పొద్దు వాలుతోంది, రెండు పక్కలా మిరప కళ్లాలు, ఎర్రగా ఆరబోసిన కాయలు, ఘాటు ముక్కులోకి ఎక్కి కళ్లు నీళ్లు కారుతున్నాయి, ఇది ఏడుపు కాదు, ఏడుపే అయినా ఎవరికి తెలుస్తుంది, రోడ్డు పాతది వచ్చింది, దుర్గి వైపు రోడ్డు, సమీర్ వేగం పెంచాడు, వాడికి ఇది నమాజు వేళ లాంటిది, టక్, గడ్డి జరిగింది, టక్, మాట్లాడుతున్నావు, ఏం మాట్లాడుతున్నావు, ఒక్క మాట అర్థమయ్యేట్టు కొట్టరాదా, టక్, ఎప్పుడూ ఒకే మాట, ఒకే చోట, నువ్వు ఇట్టా ఒకే మాట అనేవాడివి కాదే, నువ్వు ఒక మాట చెప్పడానికి మూడు ఊళ్లు తిరిగొచ్చేవాడివి, నేను గడ్డి తోశాను, నీ నోరెక్కడుందో చూద్దామని, నిజంగా అట్టాగే అనుకున్నాను, గడ్డి కింద రేకు, రేకులో చిల్లు, మోకు కట్టే కొక్కెం నీ జీపు బోర్లా పడ్డప్పుడు పెరుక్కుపోయిన చిల్లు, అరచెయ్యంత, దాన్ని మూయలేదు, గడ్డి పరిచారుగా, గడ్డి తీయకూడదుగా, ఎవరు చూస్తారు, నేను బోర్లా పడుకుని కన్ను పెట్టాను, రోడ్డు పరుగెత్తుతోంది, వాగునీళ్ల లాగా, దాని మీద ఇరుసు, ఇరుసునుంచి చట్రం దాకా ఏటవాలుగా ఒక గొట్టం, బొంగు లావుది, షాకప్పు, నువ్వు చూపించినదే, కమాను ఎగదన్నుద్దే, ఆ ఎగదన్నుడిని పట్టుకుని మెల్లగా దించేది ఇదే, పసిబిడ్డని ఎగరేసి పట్టుకున్నట్టు, అన్నావు, నాకెందుకులే అని అప్పుడు సగం వినలేదు, ఇప్పుడు చూస్తున్నాను, పై గొట్టంలోంచి కింది గొట్టం బయటికి వచ్చి ఉంది, మామూలుగానే దాదాపు కొస దాకా వచ్చి ఉంది, లోపలికి పోయేది ఎంతో ఉంది, బయటికి రావడానికి ఇంక వేలెడు కూడా లేదు, గుంత వచ్చింది, లావు కమాను వంగలేదు, వెనకెవరున్నారు వంచడానికి, మోయడానికి ఏమీ లేక జీపు మొత్తాన్నీ ఎగదన్నింది, నా కన్ను చిల్లునుంచి లేచింది, కింద చక్రం ఇరుసుతో సహా వేలాడింది, గొట్టం సాగింది, సాగింది, ఇంక లేదు, టక్, పలుపు పొట్టిదైన దూడ గుంజుకుని ఆగినట్టు, పైన బోల్టు మొత్తం అదిరింది, తుప్పు పొడి రాలింది.

మళ్లీ చూడాలి, ఒక్కసారి చూస్తే నమ్మను, నా కళ్లని నేనే నమ్మను ఈ మధ్య, గుంత, లేచింది, సాగింది, టక్, అదే, గుంత, లేచింది, సాగింది, టక్, అదే, నీ చెయ్యి లేదు అక్కడ, ఎవరి చెయ్యీ లేదు, పక్క చెక్క మీదనుంచి తల బయటికి పెట్టి చూశాను, పొద్దు వాలిన వెలుతురులో చక్రమూ దాని నీడా పక్కపక్కనే పరుగెడుతున్నాయి, గుంత వచ్చినప్పుడు చక్రానికీ నీడకీ మధ్య వెలుతురు కనిపించింది, చక్రం నేల మీద లేదు జానూ, కాసేపు ఈ బండి నేల మీద లేదు, పొట్టి గొట్టం దాన్ని పట్టుకోలేదు, దించలేదు, వేలాడదీసి గుంజింది, అంతే, స్టీరింగు ఎంత గట్టిగా పట్టుకుంటే ఏం లాభం, నువ్వు ఎంత గట్టిగా పట్టుకున్నావో నాకు తెలుసు, వాగులోంచి తీసినప్పుడు నీ అరచేతుల్లో ఎర్రదారం రంగు అంటుకుని ఉంది, ముందు చెట్లు పల్చబడ్డాయి, రెల్లు కనపడింది, రెల్లు అంటే వాగు, వాగు అంటే చప్టా, చప్టాకి ముందు గుంత.

ఆపరా, అన్నాను, ఇంజను మోతలో నాకే వినపడలేదు, రేకు మీద అరచేత్తో కొట్టాను, గట్టిగా, దబదబా, రేకు అవతల సమీర్ నవ్వు వినపడింది, నవ్వు, వస్తన్నా అన్నా, వస్తన్నా, అని అరిచాడు, బండి ఇంకా వేగం అందుకుంది, ఓరి దేవుడా, నేను కొడుతుంటే నువ్వు కొడుతున్నావనుకుంటున్నాడు, ఎంత గట్టిగా కొడితే అంత తొక్కుతున్నాడు, దయ్యం నేనే అయ్యాను, నీ తమ్ముణ్ని వాగులోకి తోలుతున్న దయ్యాన్ని నేనే, కొట్టడం ఆపాను, దయ్యాలు చెయ్యలేని పని ఏదో చెయ్యాలి, చప్పున పక్క చెక్క మీద పొట్ట ఆనించి వంగాను, కొంగు గాలికి ఎగిరి మొహం మీద పడింది, చెయ్యి ముందుకు చాచి తలుపు లేని సందులోంచి వాడి చెవి దొరకబుచ్చుకుని మెలిపెట్టాను, ఒరేయ్ సన్నాసీ, నేన్రా, బతికున్నదాన్ని, ఆపు బండి, అని నా గొంతంతా పెట్టి అరిచాను, ఎన్ని ఊళ్లలో అరిచిన గొంతో అది, ఎక్కడా అంత అవసరం రాలేదు, బ్రేకు కీచుమంది, నేను ముందుకి పోయి రేకుకి గుద్దుకున్నాను, జీపు అడ్డం తిరిగి, ఊగి, ఊగి, ఇంకా ఊగి ఆగింది, బరువు లేని కమాన్లు అంత సేపు ఊపుతాయని అప్పుడే చూశాను, ముందు గుంత, గుంత అవతల చప్టా, చప్టా కింద రాళ్లు.

ఏంది భాభీ, పిచ్చా నీకు, చెవి ఊడిపోయింది, అని దిగాడు, దిగినవాణ్ని మెడ పట్టుకుని వంచాను, కింద పడుకో, పడుకుని చూడు, ఆ గొట్టం ఎంత సాగి ఉందో చూడు, నేను లేచి కూచుంటా, దిగుతా, మళ్లీ ఎక్కుతా, చూడు, అన్నాను, వాడు వీపు మీద పాకుతూ కిందికి పోయాడు, గొట్టం తడిమి చూసి, షాకప్పు మంచిదే భాభీ, కారట్లేదు, అన్నాడు, మంచిదేరా, ఈ కమాన్లకి మంచిది కాదు, దాని పొడుగు పాత కమాన్లకి, దాని బలం పాత కమాన్లకి, బండి లేచింది, ఇది లేవలా, అన్నాను, పై బోల్టు దగ్గర చూడు, అన్నాను, చూశాడు, కన్నం కోడిగుడ్డు లెక్కన సాగింది భాభీ, రబ్బరు పొడుం అయింది, ఇంకో రెండు దెబ్బలకి ఊడొస్తది, అన్నాడు, ఆగి, అన్నప్పుడు కూడా ఎడం పక్కదే ఊడిందంట కదా, వాగులో పడ్డప్పుడు ఊడిందన్నారు, అన్నాడు, పడ్డప్పుడు ఊడలేదురా, ఊడినందుకు పడ్డది, అన్నాను, వాడు బయటికి రాలేదు, కాళ్లు మాత్రం కనపడుతున్నాయి, దుమ్ములో, అవి కదిలాయి కాసేపు, చెప్పులు లేని కాళ్లు, నీలాగే విప్పి తోలాడు, అన్న కాదా భాభీ, అని కిందనుంచి గొంతు వచ్చింది, పసివాడి గొంతు, కాదురా, అన్నాను, నాకు ఆ మాట అనడానికి ఎంత పట్టిందో నీకు తెలియదు, తెలిసే చోట నువ్వు లేవు, కాదురా నాయనా, ఇనుము.

చప్టా పక్కన మిరప కోతల ఆడవాళ్లు కూచుని ఉన్నారు, సంచులు ముందేసుకుని, ఆటో కోసం, ఇదంతా చూశారు, పిచ్చమ్మత్త లేచి నడుము పట్టుకుంటూ వచ్చింది, ఏమే రబియా, మరిదిని చంపుతన్నావేందే నడిరోడ్డు మీద, అంది, అత్తా, దుర్గి దాకా తోలిస్తా, అందరూ ఎక్కండి వెనక, అన్నాను, ఆమె గడ్డి చూసింది, ఎర్రదారం చూసింది, వెనక్కి ఒక అడుగు వేసింది, అమ్మ చోటు కదే, కడగలా కూడా, అంది, అమ్మకి కూడా నడుము పడిపోయి ఉంటదిలే అత్తా ఈ రోడ్డు మీద, మీ నొప్పి తెలియని అమ్మ ఎందుకు, ఎక్కండి, మీరు ఎక్కకపోతే మేం ఈ చప్టా దాటలేం, నా మొగుడు దాటలేకపోయాడు, అన్నాను, ఒక లావుపాటామె ముందుగా సంచి విసిరి పైకి లాగండే అంది, ఇంకొకామె, నువ్వెక్కితే దేవత ఎక్కినట్టేలేవే, కమాన్లు విరిగిపోతయ్, అంది, నవ్వులు, నెట్టుకోవడాలు, కారం చేతులు కళ్లకి తగలనీకే, నీ మోకాలు తియ్యవే, పిచ్చమ్మత్త చెంపలేసుకుని, తల్లీ ఏమనుకోకు, అని గడ్డి మీద నా పక్కన కూలబడింది, జీపు కిందికి దిగింది, మెల్లగా, అలసిపోయిన మనిషి కూచున్నట్టు, నేను చిల్లులోంచి చూశాను, గొట్టం లోపలికి పోయింది, ఇప్పుడు దానికి ఇటు జాగా ఉంది, అటు జాగా ఉంది, పోనీరా మెల్లగా, అన్నాను, గుంత, దిగింది, లేచింది, దిగింది, ఏమీ లేదు, ఇంకో గుంత, ఏమీ లేదు, చప్టా, రాళ్లు, రెల్లు, నువ్వు పడ్డ చోటు, ఆడవాళ్లు కూలి రేటు గురించి కొట్లాడుకుంటున్నారు, ఏమీ లేదు, దాటాం, నేను ఇంకా చెవి పెట్టి ఉన్నాను, ఒక్కసారి, ఒక్కటే, ఏమీ లేదు.

ఏందే, ఆ చిల్లులో ఏముందని అట్టా చూస్తన్నావు, అంది పిచ్చమ్మత్త, ఏమీ లేదత్తా, అన్నాను, త్రికోటేశ్వరరావుకి షెడ్డు దగ్గరే చెప్తాను, పొద్దున ఈ బండి విగ్రహానికి పోదు, నరసరావుపేట పోతుంది, మొహిద్దీన్‌నీ అమర్నాథ్‌నీ చెరో చెయ్యీ పట్టుకుని రోడ్డు దాటించి ఒకే బండి కింద పక్కపక్కన పడుకోబెడతాను, ఖాళీ బండి కింద, ఈ కమాన్ల ఎత్తుకి ఎంత పొడుగుది కావాలో, ఈ కమాన్లు ఎగదన్నితే పట్టగల బలం ఎంతో, ఇద్దరూ కలిసి కొలిచేదాకా లేవనివ్వను, అమ్మ దిగిన తర్వాత ఆ చోట మనుషుల్ని ఎక్కించుకుని రండి అని ఊళ్లలో చెప్తాను, తిడతారు, తిట్టనీ, తోసింది అన్న నోళ్లకి కూడా చెప్తాను, ఆమె తొయ్యలేదు, కూడా రాలేదు, గుళ్లో దిగింది, గుళ్లోనే ఉంది, నువ్వు నీసు తినలేదు, నిద్రపోలేదు, నీ చేతులు స్టీరింగు వదల్లేదు, పిచ్చమ్మత్త తల నా భుజం మీదికి వాలింది, నిద్రపోతోంది, బరువుగా ఉంది, వెచ్చగా ఉంది, మిరప ఘాటు వాసన, ఈ బరువు ఆ రోజు నీ వెనక ఉండి ఉంటే, ఈ నవ్వులు, ఈ సంచులు, ఈ మోకాళ్లు, నువ్వు వెనక్కి తిరిగి తిరిగి చూసుకున్నావు ఎవరు కూచున్నారోనని, ఎవరూ లేరు జానూ, నిన్ను ఎవరూ తొయ్యలేదు, నీ వెనక ఎవరూ లేకపోవడమే నిన్ను తోసింది.